నాట్యం కోసం అమ్మాయి వియన్నా వెళ్తానంటోంది

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. చిన్నతనం నుంచి కూచిపూడి నేర్చుకుని, ఇప్పుడు పిల్లలకు పాఠాలు చెబుతోంది. వియన్నాలో వేసవిలో జరిగే ఇంపుల్స్‌టాంట్స్ నాట్యోత్సవంలో, యువ కళాకారులకిచ్చే డాన్స్‌వెబ్ స్కాలర్‌షిప్‌కు ఎంపికైంది. పెళ్లికి దాచిన డబ్బు ముట్టుకోనివ్వనని, సంబంధాలు చూస్తున్న సమయంలో ఈ ప్రయాణం వద్దని మావారు అంటున్నారు. నాన్నకు నువ్వే చెప్పమని అమ్మాయి, దానికి నువ్వే నచ్చజెప్పమని ఆయన. గురువుగారికి తెలియనివ్వవద్దని కూడా అమ్మాయి నా చేత మాట తీసుకుంది. ఏం చేయాలి?

సలహా: మీ ఉత్తరం చదివితే, తండ్రీ కూతుళ్లు ఈ విషయమై ఒక్కసారైనా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్లు కనిపించదు. ఇకమీదట మీరు ఒకరి మాట మరొకరికి చేరవేయడం మానండి. అమ్మాయి మేజరు, సంపాదిస్తోంది. పరాయి దేశంలో ఒంటరిగా ఉండగలనంటున్న ఆమె ముందు తండ్రికి తానే చెప్పగలగాలి.

ఆయనకు బతిమాలడం కంటే వివరాలు అవసరం. ఈ ఉత్సవం 1984 నుంచి ఉన్నదని, శిక్షణ ఐదు వారాలేనని, ఆస్ట్రియాతో సహా పలు ఐరోపా దేశాలకు చెల్లే షెంగెన్ వీసాపై ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండడం కుదరదని తెలిస్తే, అమ్మాయి అక్కడే ఉండిపోతుందేమోనన్న బెంగ కొంత తగ్గుతుంది. స్కాలర్‌షిప్ వేటికి వర్తిస్తుందో, విమానం టికెట్టు, బస, భోజనాల్లో చేతినుంచి పడేదెంతో ఆమె ఎంపిక పత్రం చూసి కాగితం మీద రాసి ఇవ్వాలి. వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్లు దొరకవు కనుక ఆలస్యం చేయకూడదు. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. సాధనలో మోకాలికో చీలమండకో దెబ్బ తగిలితే ఆ బీమా వర్తిస్తుందో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.

ముందు ఆమె పొదుపు వాడాలి, ఆపైన మీరిద్దరూ ఒప్పుకున్న ఒక మొత్తం ఇవ్వండి. ఇల్లు తాకట్టు పెట్టవలసి వస్తే మాత్రం ఈ ఏడు మానుకోవడమే మంచిదని నా నిశ్చితాభిప్రాయం. పెళ్లిచూపులకు వచ్చేవారికి ప్రయాణం సంగతి ముందే చెప్పండి. ఐదు వారాల చదువుకు ఒప్పుకోని కుటుంబం రేపు ఆమెను గజ్జె కట్టనిస్తుందా అన్నది మీవారు కూడా ఆలోచించవలసిన ప్రశ్న.

గురువుగారి దగ్గర దాచడం మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు. ఇన్నేళ్లు అడుగులు దిద్దిన మనిషికి ఈ సంగతి ఇతరుల ద్వారా తెలిస్తే కలిగే బాధ, ప్రయాణం వల్ల కలిగే బాధకంటే పెద్దది. పరాయి పద్ధతి నేర్చుకుంటే శైలి చెడుతుందని ఆయన అనవచ్చు, ఆ భయంలో అర్థం లేకపోలేదు. కానీ ప్రసిద్ధ భరతనాట్య కళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ మొదట నేర్చుకున్నది రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా బృందంలోని క్లియో నార్డి దగ్గర బాలే అనే పాశ్చాత్య నాట్యం. మన నాట్యం వైపు చూడమని ప్రోత్సహించినది ఆ పావ్లోవాయే. ఆ తర్వాతే రుక్మిణీదేవి పందనల్లూర్ మీనాక్షిసుందరం పిళ్లై వద్ద భరతనాట్యం అభ్యసించి, 1936లో కళాక్షేత్ర అనే కళాసంస్థను స్థాపించారు. మీ అమ్మాయి ఈ ఉదాహరణతో గురువుగారితో వాదానికి దిగాలని కాదు. అక్కడున్నన్నాళ్లూ ఏ జతులు, ఏ అభినయం విడవకుండా సాధన చేయాలో ఆయననే అడిగి, ఆ క్రమం రాయించుకోవాలి. వీసా దరఖాస్తు పెట్టకముందే వెళ్లి కలవమనండి. మీరు తోడు వెళ్లవచ్చు, మాట్లాడవలసింది మాత్రం ఆమే.