ఆటల సందేహాలు: ఏడేళ్ల పాపకు హాకీ ఎక్కడ నేర్పించాలి?

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మాది నెల్లూరు, వేదాయపాళెం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు కాంస్యం గెలిచింది టీవీలో చూసినప్పటి నుంచి మా పాపది హాకీ అంటూ ఒకటే గోల. ఇప్పుడు ఏడేళ్లు. ఇంటికి దగ్గర్లో ఓ హైస్కూలు గ్రౌండ్‌లో పీఈటీ సార్ సాయంత్రాలు ఊరికే నేర్పిస్తున్నారు. ఊరికి అవతల ఒక అకాడమీ ఉంది. టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి పరిచిన నేల), లైట్లు, యూనిఫాం అన్నీ ఉన్నాయి. రాత్రిపూట అదే టర్ఫ్‌ను బాక్స్ క్రికెట్‌కు అద్దెకిస్తారు. ఏడాది ఫీజు ముందే కట్టాలట, రెండేళ్లలో స్టేట్ ఆడిస్తారట. మావారు అకాడమీ అంటున్నారు. మా అత్తమ్మేమో ఆడపిల్లకు పళ్లు రాలితే ఎట్లా అని అడ్డం పడుతున్నారు. పైగా పాపది ఎడమ చేతి వాటం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ టర్ఫ్ చూసి మురిసిపోవద్దని మీవారికి చెప్పండి. బాక్స్ క్రికెట్ టర్ఫ్‌కు పోగులు పొడుగ్గా ఉంటాయి, బంతి వాటిలో పడి ఆగిపోతుంది. హాకీ టర్ఫ్ పోగులు పొట్టివి. బంతి నేలబారున జారాలని పెద్ద మ్యాచ్‌లకు నీళ్లు కూడా చల్లుతారు. ఏడేళ్ల పిల్లకు ఏ టర్ఫూ అక్కర్లేదు, చదునుగా ఉన్న మట్టి నేల చాలు. పల్లేరు కాయలు మాత్రం ఏరించాలి.

రెండేళ్లలో స్టేట్ అన్న మాట విన్నాక నాకైతే ఆ అకాడమీ మీద నమ్మకం సగం పోయింది. ఏడేళ్ల పిల్ల తొమ్మిదేళ్లకు ఎట్లా ఆడుతుందో చెప్పగలిగినవాళ్లను నా సర్వీసులో ఒక్కరినీ చూడలేదు.

రెండు చోట్లకూ చెప్పకుండా వెళ్లి గోడ పక్కన నిలబడండి. కోచ్‌ను చూడొద్దు. మీ పాప ఈడు పిల్లను ఒక్కరిని పట్టుకుని పది నిమిషాలు చూడండి. ఆ పిల్ల స్టిక్కుకు బంతి ఎన్నిసార్లు తగిలింది? చాలాచోట్ల ఇరవై మందిని వరుసలో నిలబెట్టి ఒక్క బంతితో నడిపిస్తారు. పిల్ల తన వంతు కోసం నిలబడి, ఒకసారి కొట్టి, మళ్లీ వెనక్కి పోతుంది. రెండో వారానికి మట్టిలో గీతలు గీసుకుంటూ ఉంటుంది. మనిషికో బంతి, టెన్నిస్ బంతైనా సరే, ఇచ్చి కోన్ల మధ్య తిప్పిస్తున్నారంటే అదే మంచి చోటు. మ్యాచ్ ఆడించినా నలుగురు, ఐదుగురు చొప్పున చిన్న గ్రౌండ్‌లో ఆడించాలి. 91 మీటర్ల పెద్ద గ్రౌండ్‌లోకి తోస్తే చిన్నపిల్లలకు బంతి కనబడటమే గగనం.

ఎడమ చేతి వాటం గురించి టెన్షన్ వద్దు. హాకీలో ఎడమ చేతివాళ్లకు వేరే స్టిక్కే లేదు, రూల్స్ ఒప్పుకోవు. స్టిక్కుకు చదునుగా ఉన్న ఎడమ పక్కతోనే అందరూ ఆడాలి. పై చెయ్యి ఎడమదే. స్టిక్కును తిప్పేది ఆ చెయ్యే కాబట్టి మీ పాపకు అది కలిసొచ్చేదే. ఎవరైనా లెఫ్ట్ హ్యాండ్ స్టిక్ అని అంటగట్టబోతే ఆ షాపు దిగి వచ్చేయండి.

స్టిక్ కొనేటప్పుడు, పెరుగుతుంది కదా అని స్కూలు గౌను కొన్నట్టు పెద్ద సైజు తీసుకోవద్దు. పాప పక్కన నిలబెడితే పైకొస తుంటి ఎముక దగ్గరికి రావాలి. ఈ వయసుకు ఇరవై ఎనిమిది, ముప్పై అంగుళాలు. పెద్దవాళ్ల ముప్పై ఆరున్నర అంగుళాలది చేతికిస్తే పిల్ల మధ్యలో పట్టుకుంటుంది, పైకొస వచ్చి పొట్టలో పొడుస్తుంది. కావాలంటే ఇచ్చి చూడండి.

మీ అత్తమ్మగారి భయం ఉత్తిది కాదు. అసలు బంతి 156 నుంచి 163 గ్రాములు, రాయిలా ఉంటుంది. చిన్నవాళ్లకు మాత్రం బంతి కంటే పక్కవాళ్లు ఊపే స్టిక్కులతోనే భయం. అందుకే ఆ పీఈటీ సార్‌ను అడగండి, స్టిక్ ఎత్తి కొట్టడం ఎప్పుడు మొదలుపెడతారని. ‘ముందు నెట్టడం, ఆపడం వచ్చాకే’ అంటే ఆయనకు పని తెలుసు. పళ్లకు మౌత్‌గార్డ్, మోకాలి కింద ఎముకకు షిన్‌గార్డ్ మీరే కొనండి. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్లి భారత జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన రజని గురించి కూడా అత్తమ్మగారికి చెప్పండి. దానికీ ఆవిడ ఒప్పుకోకపోతే సాయంత్రం గ్రౌండ్‌కు తోడు తీసుకెళ్లండి.

ఆడపిల్ల కాబట్టి మరో రెండు చూడాలి. తాళం పడి ఉండకుండా పిల్లలు వాడుకోగలిగే బాత్‌రూమ్ ఉందా, తల్లిదండ్రులు వచ్చి నిలబడితే కోచ్ ఏమంటాడు? ‘లోపలికి రాకూడదు’ అంటే అక్కడ చేర్పించొద్దు, ఎంత పేరున్నదైనా.

నేనైతే స్కూలు గ్రౌండ్‌కే పంపుతాను, అక్కడ పిల్లకు బంతి అందుతుంటే. అకాడమీయే కావాలని మీవారు పట్టుబడితే నెల ఫీజు మాత్రమే కట్టండి. నెలకు ఒప్పుకోకపోతే వదిలేయండి. వేసవిలో మాత్రం ఎక్కడైనా సరే, మన నెల్లూరు ఎండకు ఉదయం ఎనిమిదిలోపు ఆట ముగించాలి. రోహిణి కార్తెలో సాయంత్రం నాలుగింటికే గ్రౌండ్‌లోకి దింపేవాళ్ల దగ్గరికి అసలు పంపకండి.