జీతం ఇవ్వలేను, టెక్నికల్ పార్ట్‌నర్ దొరుకుతారా?

ప్రశ్న: మాకు షామియానా, వంటపాత్రలు అద్దెకిచ్చే వ్యాపారం ఉంది. చుట్టుపక్కల టెంట్‌హౌస్‌లను, కేటరర్లను, సన్నాయి మేళాల వాళ్ళను ఒకచోట చేర్చి, ఫోన్‌లోనే బుక్ చేసుకునే యాప్ పెట్టాలనుంది. నాకు కోడింగ్ రాదు, నెలనెలా జీతం ఇచ్చే స్తోమత లేదు. లాభంలో వాటా ఇస్తానంటే ఇద్దరు ఇంజనీర్లు సరేనన్నారు, మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. ఏం చేయాలి?
– జి.ఎస్., నరసరావుపేట

జవాబు: లాభంలో వాటా అన్నమాటే వాళ్ళను వెనక్కి లాగి ఉంటుంది. కొత్త యాప్‌కు మొదటి రెండుమూడేళ్ళు లాభమే ఉండకపోవచ్చు. ఉన్నా ఆ లెక్క మీ చేతిలో ఉంటుంది. పని తెలిసినవారు అడిగేది కంపెనీలో షేర్లు. నెలకు లక్ష తెచ్చుకోగలిగిన మనిషి మీ దగ్గర ఏడాదిపాటు ఊరికే పనిచేస్తే, మీ వ్యాపారంలో 12 లక్షలు పెట్టినట్టే. పెట్టుబడిదారుకు ఏం చూపిస్తారో ఆ మనిషికీ అదే చూపించాలి.

అందుకు కోడ్ అక్కర్లేదు. వచ్చే ముహూర్తాల సీజన్‌ను గూగుల్ షీట్, వాట్సాప్ బిజినెస్, యూపీఐతో నడపండి. షీట్‌లో అడ్డవరసకు ఒక టెంట్‌హౌస్ లేదా కేటరర్, నిలువువరసకు ఒక ముహూర్తం తేదీ. ఓ ఇరవైమంది చేత రేట్లు, మీ కమీషన్ రాతపూర్వకంగా ఒప్పించండి. పాతిక ఫంక్షన్లకైనా అడ్వాన్సు తీసుకోండి. ఎంతమంది అడిగారు, ఎంతమంది అడ్వాన్సు కట్టారు, ఎన్ని రద్దయ్యాయి, ఒక్కో బుకింగ్‌కు మీకు ఎంత మిగిలింది: ఈ అంకెలు చూశాకే మంచి ఇంజనీరు కూర్చుని మాట్లాడతారు.

హైదరాబాద్‌లో కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే టి-హబ్, ట్రిపుల్ ఐటీ ఇంక్యుబేటర్ జరిపే కార్యక్రమాలకు వెళ్ళండి. మహిళలైతే వీ-హబ్ ఉంది. కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే అమెరికా సంస్థ వై కాంబినేటర్, వ్యాపార భాగస్వాములను కలిపేందుకు నడిపే కో-ఫౌండర్ మ్యాచింగ్‌లో ఉచితంగా ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. మొదటి పరిచయంలోనే ‘మీ ఆలోచన బయటపెట్టను’ అనే గోప్యతా ఒప్పందం మీద సంతకం అడగకండి, చాలామంది అక్కడే ఆగిపోతారు. ఫైనలియర్ విద్యార్థులతో జాగ్రత్త. ఉత్సాహం నిజమే కానీ ప్లేస్‌మెంట్ రాగానే పని సగంలో ఆగుతుంది.

కుదిరేలా ఉంటే నాలుగు వారాంతాల చిన్న పని ఒకటి ఇచ్చి చూడండి: తేదీల ఖాళీ చూపే క్యాలెండర్, అడ్వాన్సు చెల్లింపు, అంతే. మీ వ్యాపారంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. మంచి ముహూర్తానికి అందరూ ఒకే రోజు అడుగుతారు. టెంట్‌హౌస్ ఆయన యాప్‌తో సంబంధం లేకుండా ఫోన్‌లో కూడా బుకింగ్ రాసుకుంటాడు. అదే షామియానా ఇద్దరికి ఖాయమవుతుంది. ‘బయట తీసుకున్న బుకింగ్ యాప్‌కు ఎలా తెలుస్తుంది?’ అని తనంతట తాను అడిగినవారే మీకు కావలసిన మనిషి. లోగోతో, లాగిన్ పేజీతో మొదలుపెట్టేవారితో ముందుకెళ్ళకండి. సర్వర్, డొమైన్ ఖర్చు మీరే పెట్టుకోండి. పొత్తు కుదరకపోతే కోడ్ రాసినవారిదేనని, మీరు దాన్ని వాడబోరని ముందే రాసివ్వండి. అది న్యాయం.

ప్రశ్న: పార్ట్‌నర్ దొరికారు. ఎంత వాటా ఇవ్వాలి? మధ్యలో వెళ్ళిపోతే?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మకాలు ఇంకా మొదలుకాకపోతే 40 శాతం దాకా ఇవ్వడం సబబు. 5 శాతానికి జీతం లేకుండా నిలబడే సమర్థులు దొరకరు. ఒకటి గుర్తుంచుకోండి: 25 శాతం దాటిన వాటాదారు ప్రత్యేక తీర్మానాలను (75 శాతం ఓట్లు కావలసిన పెద్ద నిర్ణయాలను) ఆపగలరు.

ప్రైవేట్ లిమిటెడ్ రిజిస్టర్ చేసేటప్పుడే ఇద్దరూ ముఖవిలువకు షేర్లు తీసుకోండి. 10 రూపాయల షేర్లు 10,000 అనుకుంటే, 40 శాతానికి ఆయన కట్టేది 40,000. తర్వాత ఇద్దామని వాయిదా వేస్తే విలువ కట్టించాలి, పన్ను చిక్కులొస్తాయి. ఆ 4,000 షేర్లకు నాలుగేళ్ళ వెస్టింగ్ పెట్టండి, అంటే పనిచేసిన కాలాన్నిబట్టి షేర్లు కొద్దికొద్దిగా సొంతమయ్యే షరతు. మొదటి ఏడాదిలోపే వెళ్ళిపోతే అన్నీ ముఖవిలువకు మీకు తిరిగిరావాలి. ఏడాది నిండగానే నాలుగో వంతు, ఆ తర్వాత నెలకు 48వ వంతు చొప్పున ఆయనవవుతాయి. ఏడాదిన్నరకు వెళ్తే 1,500 ఆయనకు, 2,500 వెనక్కి. ఇదే షరతు మీ షేర్లకూ ఉండాలి, లేదంటే ఎదుటివారికి నమ్మకం కలగదు. షేర్‌హోల్డర్ల ఒప్పందంలో రాస్తే చాలదు, కంపెనీ ఆర్టికల్స్‌లోనూ (రిజిస్ట్రేషన్‌లో ఇచ్చే నియమావళిలో) ఎక్కించండి. వారానికి ఎన్ని గంటలు పని, నెలకు ఎంత రాబడి దాటితే ఇద్దరికీ జీతం మొదలు అన్నవి కూడా ఆ ఒప్పందంలోనే రాయండి.

చాలామంది మరిచేది కాపీరైట్. ఉద్యోగి కాని మనిషి రాసిన కోడ్, షేర్లున్నా సరే, రాసినవారిదే. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్ళే చెల్లుతుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. కాబట్టి ఈ బదిలీ ‘ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం, ఏడాదిలోగా వాడకపోయినా చెల్లుతుంది’ అని స్పష్టంగా రాయించండి.

ప్రశ్న: మా పార్ట్‌నర్ ఐటీ కంపెనీలో ఉద్యోగి. రాత్రిళ్ళు పనిచేస్తానంటున్నారు. ఇబ్బందా?
– కె.వి., విశాఖపట్నం

జవాబు: ముందు ఆయన నియామక పత్రం చదవండి. రెండో పని చేయకూడదనీ, ఉద్యోగకాలంలో రాసిన కోడ్ యజమానిదేననీ చాలా పత్రాల్లో ఉంటుంది. అలా ఉంటే రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి, లేదా రాజీనామా చేశాకే కోడ్ మొదలుపెట్టాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఒక్క లైను కూడా రాయకూడదు. డొమైన్, గిట్‌హబ్ (కోడ్ దాచే వెబ్‌సైట్), క్లౌడ్, పేమెంట్ గేట్‌వే ఖాతాలన్నీ మీ కొత్త కంపెనీ ఈమెయిల్‌తో తెరిచి, రెండో అడ్మిన్‌గా మీరుండండి. ప్లే స్టోర్ ఖాతా కూడా సంస్థ పేరునే తీసుకోండి. దానికి డన్స్ (సంస్థలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) నంబరు కావాలి, ముందే దరఖాస్తు చేయండి. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిస్తే, యాప్ విడుదలకు ముందు 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు పరీక్ష నడపాల్సి ఉంటుంది.