నర్సింగ్‌లో చేరతానన్న నా చెల్లెలి కూతురికి

బుజ్జీ,

మొన్న ఫోన్‌లో "పెద్దమ్మా, బాబు కిండర్‌గార్టెన్‌లో పడ్డాడు, ఇంక నేను నర్సింగ్ చదువుతాను" అన్నావు. ఆ రాత్రంతా డ్యూటీలో ఆ మాటే నా చెవుల్లో ఉంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఫోన్‌లో చెప్పినవి గాలికి పోతాయి, రాసి పెడితే పక్కన పెట్టుకుని చూసుకుంటావని రాస్తున్నాను.

అప్లికేషన్ ఎప్పుడు ఓపెన్ అవుతుందని అడిగావు. అది ఆఖరి సంగతి, తల్లీ. ఇక్కడ అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ళ డిగ్రీలిచ్చే స్థానిక కాలేజీలో, చేరడం వేరు, అందులో నర్సింగ్ ప్రోగ్రామ్‌లో సీటు రావడం వేరు. కాలేజీలోకి ఎవరినైనా తీసుకుంటారు. నర్సింగ్‌కి మాత్రం మళ్ళీ విడిగా అప్లై చేయాలి, సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. దానికి ముందు ప్రీరిక్విజిట్లు, అంటే ముందుగా చదవాల్సిన కోర్సులు, పూర్తి చేయాలి: అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, ఇంగ్లిష్ కాంపోజిషన్, సైకాలజీ. కాలేజీని బట్టి ఒకటో రెండో అటూ ఇటూ అవుతాయి. పిల్లాడిని చూసుకుంటూ చదివితే ఇవే ఏడాదిన్నర. ఆ తర్వాత నర్సింగ్ రెండేళ్ళు. మొత్తం మూడున్నరేళ్ళ లెక్క. మీ ఆయనకి ఈ లెక్క ఇప్పుడే చెప్పు. "రెండేళ్ళ కోర్సే కదా" అని ఇంట్లో అందరూ అనుకుంటూ ఉంటే మూడో ఏడు మాటలొస్తాయి.

గుంటూరులో చేసిన నీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) డిగ్రీ గురించి. అది ఇక్కడి ఏ చదువుకి సమానమో తేల్చే ఇవాల్యుయేషన్‌కి పంపే ముందు ఆగు. డబ్ల్యూఈఎస్, ఈసీఈ లాంటి సంస్థలు రెండు రకాల రిపోర్టులు ఇస్తాయి. ఒకదాంట్లో "ఇది ఇక్కడి బ్యాచిలర్స్‌కి సమానం" అని మాత్రమే ఉంటుంది. రెండోది కోర్స్ బై కోర్స్, అంటే ఒక్కో సబ్జెక్టుకి ఎన్ని క్రెడిట్లు, ఏ గ్రేడు అని విడివిడిగా ఉంటుంది. కాలేజీకి కావాల్సింది ఈ రెండోది. నేను తెలియక మొదటిది చేయించి, మళ్ళీ డబ్బు కట్టి రెండోది తెప్పించుకున్నాను. తీరా చూస్తే నా జువాలజీ మార్కులు పనికి రాలేదు, పాతబడిపోయాయన్నారు. చాలా కాలేజీలు సైన్స్ కోర్సులు అయిదేళ్ళో ఏడేళ్ళో దాటితే ఒప్పుకోవు. నీది డిగ్రీ అయి తొమ్మిదేళ్ళు. అందుకని సైన్సులన్నీ ఇక్కడే మళ్ళీ చదవాలనే లెక్కలో ఉండు. ఇంగ్లిష్, సైకాలజీ లాంటివి ఏమైనా కలిసొస్తాయేమో అడ్వైజర్‌ని కలిసి అడుగు. చెప్పింది ఈమెయిల్‌లో రాయించుకో. నోటిమాట మీద ఆధారపడకు.

ఇంక అసలు సంగతి అనాటమీ. నీకు సీటు వచ్చేదీ రానిదీ అక్కడే తేలిపోతుంది. ఎక్కువ చోట్ల పాయింట్లు వేసి ఎంచుకుంటారు, ఆ పాయింట్లలో సైన్స్ గ్రేడ్లది పెద్ద వాటా. ఇక్కడ ఒక సీ గ్రేడు తెచ్చుకున్నావంటే దాన్ని మోసుకుంటూ తిరగాలి. డ్రాప్ చేసి, అంటే మధ్యలో వదిలేసి, మళ్ళీ తీసుకుందాంలే అనుకోవడానికీ లేదు. టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలన్నిటిలో కలిపి ఆరు కోర్సులకి మించి డ్రాప్ చేయనివ్వరు, రెండోసారి చదివితే కొన్ని ప్రోగ్రాములు పాయింట్లు తగ్గిస్తాయి. మొదటి సెమిస్టర్‌లో ల్యాబ్ ఉన్న సైన్స్ ఒక్కటే పెట్టుకో. తొందరపడి రెండు నెత్తిన వేసుకోకు.

ల్యాబ్ ప్రాక్టికల్ ఎలా ఉంటుందో చెబుతాను. టేబుళ్ళ మీద ఎముకలు, మోడళ్ళు వరసగా పెట్టి, ఒక్కో చోట పిన్నుకి నంబర్ అంటిస్తారు. ఒక్కోదాని ముందు నిమిషమే. బెల్లు కొట్టగానే పక్క టేబుల్‌కి జరగాలి. ఎముక పేరు తెలిస్తే చాలదు, ఆ గుంట పేరేంటి, ఆ గట్టు పేరేంటి, కుడి చేతిదా ఎడమ చేతిదా అని అడుగుతారు. స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది. నేను మణికట్టు ఎముకలు ఎనిమిదీ పప్పు కలుపుతూ వల్లె వేశాను. స్కేఫాయిడ్, లూనేట్, ట్రైక్వీట్రమ్, పిసిఫామ్... చిన్నప్పుడు మా నాన్న ఎక్కాలు చెప్పించినట్టే, పైకి, గట్టిగా. చూసి చదివితే చదివినట్టనిపిస్తుంది, రాదు. చూడకుండా తెల్ల కాగితం మీద రాసి, తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దుకో. పుస్తకం కొనే ముందు ఓపెన్‌స్టాక్స్ వాళ్ళ అనాటమీ పుస్తకం చూడు, ఉచితంగా దొరుకుతుంది. క్లాసు మొదలయ్యేలోపు మొదటి మూడు చాప్టర్లు చదివి పెట్టుకుంటే చాలా తేలికవుతుంది.

నర్సింగ్ ఎంట్రన్స్ టెస్టులు రెండు రకాలు, టీయాస్, హెసీ. ఏది రాయాలన్నది నువ్వు అప్లై చేసే కాలేజీని అడిగి తెలుసుకో. టీయాస్ అయితే 170 ప్రశ్నలు, 209 నిమిషాలు: రీడింగ్, లెక్కలు, సైన్స్, ఇంగ్లిష్. లెక్కలకి నువ్వు భయపడక్కర్లేదు, భిన్నాలూ శాతాలే. మనవాళ్ళకి మార్కులు పోయేది రీడింగ్‌లో. పేరా అర్థమవుతుంది, కానీ నాలుగు జవాబుల్లో రెండు సరైనవిగానే కనిపిస్తాయి. రోజూ గడియారం పెట్టుకుని చేయి. అనాటమీ, మైక్రో అయిన వెంటనే రాయి, సైన్స్ అప్పుడు తాజాగా ఉంటుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఇంటికి దగ్గరదని మాత్రమే చూడకు. టెక్సాస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ వెబ్‌సైట్‌లో ఒక్కో కాలేజీలో ఎంతమంది ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్స్ పరీక్ష) మొదటిసారే పాసయ్యారో ఏటా పెడతారు. అది చూడు. ప్రోగ్రామ్‌కి బోర్డు అనుమతి, ఏసీఈఎన్ లాంటి నర్సింగ్ చదువులకి గుర్తింపునిచ్చే సంస్థల గుర్తింపు ఉన్నాయా అని చూడు. గుర్తింపు లేకపోతే తర్వాత బీఎస్‌ఎన్ (నర్సింగ్‌లో నాలుగేళ్ళ డిగ్రీ) చేయడానికి ఇబ్బంది. రెండేళ్ళ డిగ్రీ అని చిన్నచూపు వద్దు. నాలుగేళ్ళు చదివినవాళ్ళూ నువ్వూ రాసేది ఒకే ఎన్‌క్లెక్స్, వచ్చేది ఒకే ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్స్. పెద్ద ఆసుపత్రులు బీఎస్‌ఎన్ అడుగుతాయి, నిజమే. ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో అది పూర్తి చేసుకోవచ్చు. నేను అలాగే చేశాను, సగం ఫీజు మా ఆసుపత్రే కట్టింది.

నీకు గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి ఫాఫ్సా, అంటే చదువుకి ప్రభుత్వ సాయం అడిగే ఫారం, నింపు, సిగ్గుపడకు. కౌంటీలో ఉండేవాళ్ళకి ఫీజు ఇంకా తక్కువ, అడ్రస్ రుజువులు దగ్గర పెట్టుకో. నీ స్నేహితురాలు కూడా చేరతానంటోంది కదా, ఆమె హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్యకి ఇచ్చే వీసా) మీద ఉందన్నావు. హెచ్4 మీద చదువుకోవచ్చు, కానీ ఫెడరల్ ఎయిడ్ (కేంద్ర ప్రభుత్వ సాయం) రాదు. భర్తకి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి, ఆమె ఈఏడీ (పని చేసే అనుమతి కార్డు) తెచ్చుకుంటే తప్ప ఉద్యోగం చేయలేదు. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే క్లినికల్స్‌కీ (ఆసుపత్రిలో చేసే ప్రాక్టికల్స్‌కీ) లైసెన్స్‌కీ ఏం చేయాలో కాలేజీనీ బోర్డునీ ముందే అడగమను. మూడేళ్ళ కష్టం తర్వాత ఇంట్లో కూర్చోవాల్సి వస్తే ఆ బాధ చూడలేం.

సీటు వచ్చాక చూద్దాంలే అని వదిలేయకూడనివి టీకాలు. హెపటైటిస్ బీ మూడు డోసుల వరస పూర్తవ్వడానికి ఆరు నెలలు పడుతుంది. అది పూర్తవకుండా టెక్సాస్‌లో పేషెంట్ దగ్గరికి పంపరు. నెల తేడాతో రెండు డోసుల్లో అయిపోయే టీకా కూడా ఉంది, డాక్టర్‌ని అడుగు. తట్టు, గవదబిళ్ళలు, ఆటలమ్మ టీకాల కాగితాలు మన దగ్గర ఉండవు, రక్త పరీక్షతో ఇమ్యూనిటీ చూపించవచ్చు. ఇంకొకటి బాగా గుర్తు పెట్టుకో. మనందరికీ భుజం మీద బీసీజీ మచ్చ ఉంటుంది. దాని వల్ల టీబీకి చర్మం కింద చేసే పరీక్ష పాజిటివ్ అనిపించవచ్చు. నాకు చెయ్యి ఎర్రగా వాచింది. చెస్ట్ ఎక్స్‌రే తీయించి, డాక్టర్ లెటర్ తెచ్చేసరికి మొదటి క్లినికల్ నాలుగు రోజుల్లో ఉంది. ఆ టెన్షన్ నీకొద్దు. ముందే రక్త పరీక్ష, క్వాంటిఫెరాన్, చేయమని అడుగు.

చేరాక డోసేజ్ లెక్కల పరీక్ష ఉంటుంది, చాలాచోట్ల 90 శాతం రాకపోతే మందులు ఇవ్వనివ్వరు. పేషెంట్ 154 పౌండ్లు, మందు కిలోకి 5 మిల్లీగ్రాములు అంటే 2.2తో భాగించి 70 కిలోలు, 350 మిల్లీగ్రాములు. ఇది నీకు కష్టం కాదు. కష్టం అలవాటు మార్చుకోవడంలో ఉంది. సున్నా లేకుండా .5 అని రాయకూడదు, 0.5 అనే రాయాలి. 5.0 అనకూడదు, 5 అనే రాయాలి. చుక్క కనపడకపోతే పది రెట్లు మందు లోపలికి పోతుంది.

వీటన్నిటికంటే ముందు ఒక పని చేయి. కొన్ని వారాల సీఎన్‌ఏ (నర్సుకి సహాయకురాలి) ట్రైనింగ్ తీసుకుని, వారానికి ఒక్క రోజైనా నర్సింగ్ హోమ్‌లో, అంటే ఇక్కడ పెద్దవాళ్ళని ఉంచి చూసుకునే చోట, పని చేయి. అప్లికేషన్‌లో కలిసొస్తుందని కాదు. ఈ పని నీకు పడుతుందో లేదో అక్కడ తెలుస్తుంది. నా మొదటి రోజు ఎనభై ఏళ్ళ పెద్దాయనకి ఒళ్ళు తుడవమన్నారు. చేతులు వణికాయి. అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ఆఖరి రోజుల్లో మీ అమ్మా నేనూ చేసింది అదే కదా. ఒక చెయ్యి దుప్పట్లోంచి బయటికి తీసి, గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, పొడి తువ్వాలుతో అద్ది, వెంటనే కప్పేయాలి. తర్వాత ఇంకో చెయ్యి. ఒళ్ళంతా ఒకేసారి తెరవకూడదు, చలికీ సిగ్గుకీ. వీపు తుడుస్తున్నప్పుడు తోక ఎముక దగ్గర చర్మం ఎర్రగా కనిపించింది. వేలితో నొక్కితే తెల్లబడలేదు. మా టీచర్‌కి చూపిస్తే, పడకపుండు మొదలవుతోందని చెప్పి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పమంది. తుడవడం చిన్న పని అనుకున్నదాన్ని, ఆ రోజుతో ఆ మాట మానేశాను.

మీ అత్తగారి వైపు "నర్సు పనా" అంటారని నీకు భయంగా ఉంది. నాకూ అన్నారు, నా 38వ ఏట. నేను సమాధానం చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత మా మామగారికి బైపాస్ అయినప్పుడు డ్రెస్సింగ్ మార్చడానికి ఆయన నన్ను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

థాంక్స్‌గివింగ్‌కి మీ ఇంటికి వస్తున్నాం. నా ఎముకల ఫ్లాష్ కార్డులు, ఎర్ర పెన్ను గుర్తులతో సహా, అట్టపెట్టెలో దాచి ఉంచాను, తెస్తాను. ఈలోపు మీ అమ్మకి ఫోన్ చేసి, నీ చిన్నప్పటి టీకాల కార్డు బీరువాలో ఎక్కడైనా ఉందేమో వెతికి ఫోటో పెట్టమను.

ప్రేమతో,
పెద్దమ్మ