లారీ డీజిల్ ట్యాంకులోకి నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి?

ఈ నెల అందిన ఉత్తరాల్లో మూడు డీజిల్ ట్యాంకు గురించినవే కావడంతో శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు కొంత పొడవుగా ఉంటుంది, ఎందుకంటే మిగిలిన రెండింటికీ మూలం అందులోనే ఉంది.

ప్రశ్న: మాకు ఒక పది చక్రాల లారీ ఉంది. నౌపడ ఉప్పు మడుల నుంచి ఉప్పు లోడు తోలుతుంటాము. వానలు మొదలైన ఈ మూడు నెలల్లో నీటి హెచ్చరిక దీపం మూడుసార్లు వెలిగింది. ప్రతిసారీ ఫిల్టరు మార్పించాము, బంకు కూడా మార్చి చూశాము. మూడోసారి మెకానిక్ ట్యాంకు అడుగు ప్లగ్ విప్పితే అర లీటరుకు పైగా నీళ్లు వచ్చాయి. పాత మూత పోయినప్పుడు రోడ్డు పక్క దుకాణంలో ఒకటి కొని పెట్టాము, వాన పడకుండా దానిపై పాలిథిన్ కవరు కట్టి ఉంచుతున్నాము. బంకులోనే నీళ్లు కలుస్తున్నాయా, లేక రాత్రిపూట ట్యాంకులో తేమ పేరుకుంటోందా?
— ఒక లారీ యజమాని, టెక్కలి ప్రాంతం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు అనుమానించిన రెండూ జరగగలవే. అయినా నా అనుమానం మాత్రం, ఉత్తరం చివర్లో మామూలు మాటగా రాసేసిన ఆ కొత్త మూత మీదే ఉంది. ఎందుకో చెబుతాను.

ట్యాంకు సగం ఖాళీగా ఉంచి రాత్రి బండి నిలిపితే తెల్లారేసరికి లోపలి గోడలకు చెమ్మ పడుతుందన్న మాట నిజమే కానీ, అది ఎంతో ఎవరూ లెక్క వేసి చూడరు. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి మోయగలిగిన తేమ సుమారు 30 గ్రాములు. మీ ట్యాంకులో 200 లీటర్ల మేర ఖాళీ ఉందనుకుంటే ఆ గాలిలో ఉండేది 6 గ్రాములు; రాత్రి 22 డిగ్రీలకు చల్లబడినప్పుడు అందులోంచి నీరుగా దిగేది 2 గ్రాముల చిల్లర. ప్రతి రాత్రీ ఇదే జరిగి, ఏర్పడిన ప్రతి చుక్కా అడుగుకు చేరిందని పెట్టుకున్నా మూడు నెలలకు 200 గ్రాములు మించదు. మీకు ఒక్కసారికే అర లీటరు దాటి వచ్చింది. రాత్రి బండి నిలిపే ముందే డీజిల్ నింపుకోవడం మంచి అలవాటు, దాన్ని మానవద్దు. కానీ మీ లారీ జబ్బుకు అది మందు కాదు.

బంకు సంగతికి వస్తే, భూమిలో పాతిన ట్యాంకులోకి భారీ వానలప్పుడు నీరు ఊరడం లేని విషయమేమీ కాదు. అందుకే బంకు వాళ్లు కొలత కడ్డీకి నీటిని గుర్తించే పేస్టు రాసి ట్యాంకు అడుగున పరీక్షిస్తారు. నీరు తగిలిన మేరకు ఆ పేస్టు రంగు మారుతుంది. అయితే బంకు నుంచి వచ్చిన నీరు డీజిల్ నింపుకున్న కొన్ని గంటల్లోనే బయటపడుతుంది, పైగా అదే రోజు అక్కడ పోయించుకున్న మరికొన్ని బళ్లనూ ఆపుతుంది. మీరు బంకు మార్చాక కూడా అదే బాధ కొనసాగుతోందంటే, కారణం లారీతో పాటే తిరుగుతోందని అర్థం.

ఇక అసలు విషయం. ఇంజనుకు వెళ్లిన డీజిల్ అంతా మండిపోదు. మిగిలిన భాగం వేడెక్కి తిరిగి ట్యాంకులోకే వస్తుంది. అందువల్ల 16వ నంబరు జాతీయ రహదారి మీద నాలుగు గంటలు నడిచి వచ్చిన లారీ ట్యాంకు తాకితే వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చటి ట్యాంకు మీద జోరు వాన పడినా, వాటర్ సర్వీసింగ్‌లో చల్లటి నీళ్లు కొట్టినా లోపలి గాలి కుంచించుకుపోతుంది. 200 లీటర్ల గాలి 45 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకు దిగితే దాదాపు 6 లీటర్ల చోటు ఖాళీ అవుతుంది, ఆ చోటు నింపడానికి ట్యాంకు బయటి నుంచి పీల్చుకుంటుంది. మూత చుట్టూ ఉన్న గుంటలో ఆ సమయానికి నీళ్లు నిలిచి ఉంటే, రబ్బరు వాషర్ సరిగా కూర్చోని చోటి నుంచి గాలికి బదులు నీళ్లే లోపలికి పోతాయి. అంటే నీరు దానంతట అది కారడం లేదు, ట్యాంకే దాన్ని లోపలికి లాక్కుంటోంది. ఇది ఒక్కసారి జరిగితే చాలు, నెల రోజుల రాత్రి తేమకన్నా ఎక్కువ నీరు అడుగుకు చేరుతుంది.

మీ మూత సరిగా కూర్చుంటోందో లేదో తెలుసుకోవడానికి ఒక తెల్ల సుద్దముక్క చాలు. ట్యాంకు మూతి అంచును పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, అంచు పొడవునా సుద్ద రాసి, మూత బిగించి వెంటనే తీసి వాషర్‌ను చూడండి. దాని మీద తెల్లటి గీత ఎక్కడా తెగకుండా గుండ్రంగా పడితే మూత మంచిది. ఒక పక్క గీత దట్టంగా ఉండి ఎదురు పక్క అసలు లేకపోతే, నీళ్లకు దారి ఆ లేని చోటే. పరీక్ష అయ్యాక సుద్ద పొడి లోపల పడకుండా తుడిచేయడం మరిచిపోకండి. రోడ్డు పక్క దొరికే మూతల్లో చాలావాటికి గాడి సరిపోయినా లోతు సరిపోదు, అందువల్ల బిగిసినట్టే ఉండి వాషర్ మీద నొక్కు పడదు. మీ ట్యాంకు కోసమే తయారైన మూతను, లారీ మోడల్ చెప్పి, కొనండి. ఈ ఖర్చు దగ్గర వెనకాడవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఆ పాలిథిన్ కవరును ఈ రోజే తీసేయండి. కొన్ని లారీలకు ట్యాంకు గాలి పీల్చుకునే దారి మూతలోనే ఉంటుంది, కొన్నింటికి ట్యాంకు పైన వేరుగా చిన్న గొట్టం ఉంటుంది. మూతలోనే దారి ఉన్న బండికి కవరు బిగించి కడితే డీజిల్ ఖర్చయిన కొద్దీ లోపల గాలి పలచబడి ఇంజను బలం తగ్గుతుంది. మూత తీసినప్పుడు బుస్సుమని గాలి లోపలికి దూకితే ఇదే గుర్తు. పైగా కవరు కింద చేరిన చెమ్మ ఆరే వీలు లేక అక్కడే ఉండిపోతుంది.

మీది ఉప్పు లోడు కాబట్టి ఇంకొక మాట. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడు గాలిలోని తేమను పీల్చుకుని తానే నీరవుతుంది. లోడు ఎత్తేటప్పుడు మూత గుంటలో పడిన చారెడు ఉప్పు, వాన చుక్క పడకపోయినా, ముసురు పట్టిన రోజున ఉప్పునీరుగా మారి కూర్చుంటుంది. అది ఇనుప మూతిని తుప్పు పట్టిస్తుంది, తుప్పు పొలుసులు లోపల రాలతాయి. కాబట్టి లోడు ఎత్తడానికి ముందు మూత మీద ఒక రేకు తొడుగో రబ్బరు పలకో అడ్డుగా ఉంచి, లోడు అయ్యాక తీసేసి, గుంటను బ్రష్‌తో ఊడ్చి పొడి గుడ్డతో తుడిపించండి.

ఈ ఉప్పే మీకు సాక్ష్యంగా కూడా పనికివస్తుంది. ఈసారి దీపం వెలిగినప్పుడు లారీని ఎత్తుపల్లం లేని చోట రాత్రంతా నిలిపి, తెల్లవారి ఇంజను వేయకముందే ఫిల్టరు అడుగు కాక్ తిప్పి, వచ్చినదాన్ని గాజు సీసాలో పట్టండి. లీటరు డీజిల్ బరువు సుమారు 830 గ్రాములు, నీటిది కిలో. అందుకే అరగంటలో నీరు అడుగున తేరుకుని మధ్యలో స్పష్టమైన గీత కనిపిస్తుంది. ఆ అడుగు నీటిని సూది లేని సిరంజితో లాగి, శుభ్రమైన స్టీలు పళ్లెంలో పోసి ఎండలో ఆరనివ్వండి. పళ్లెం మీద మందంగా తెల్లటి పొర మిగిలితే ఆ నీరు మీ మూత గుంట మీదుగా వచ్చినదేనని నమ్మవచ్చు. సముద్ర తీరపు నేల నీటిలోనూ కొంత ఉప్పు ఉంటుంది కనుక పలచటి మరకను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు.

మీ లారీకి కామన్ రైల్ ఇంజను (అన్ని ఇంజెక్టర్లకూ, అంటే డీజిల్‌ను ఇంజనులోకి చిమ్మే భాగాలకు, ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే రకం) ఉంటే ఈ పని వాయిదా వేయవద్దు. అందులో డీజిల్ 1600 బార్లకు పైబడిన ఒత్తిడితో (ఒక బారు దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఇంజెక్టర్లకు చేరుతుంది, పంపులో కదిలే భాగాలను తడిపి కాపాడేది కూడా ఆ డీజిలే. దాని చోట నీరు చేరితే లోహం లోహాన్ని రాపిడి చేస్తుంది. ఫిల్టరు మార్చి ట్యాంకు అడుగున నీటిని వదిలేయడం వల్లనే మీకు మూడుసార్లు దీపం వెలిగింది. ఈసారి ట్యాంకు పూర్తిగా దించి కడిగించాకే కొత్త ఫిల్టరు పెట్టించండి. పాత ఫిల్టరులో జిగటగా నల్లటి పదార్థం కనిపిస్తే, నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగాయని గుర్తు. అప్పుడు ఉత్త కడగడం చాలదు, డీజిల్‌లో వాడే జీవనాశక ద్రావణం కూడా అవసరమవుతుంది.

ప్రశ్న: గరివిడి దగ్గర మాంగనీసు ఖనిజం తోలే టిప్పర్లు రెండు ఉన్నాయి. సైటులోనే డ్రమ్ములో డీజిల్ ఉంచి, క్యానుతో గరాటు పెట్టి పోస్తాము. గరాటులో తెల్ల గుడ్డ వేసి వడకడుతున్నా ఫిల్టర్లు తొందరగా పూడుకుపోతున్నాయి. నురగ వల్ల ఆలస్యమవుతోందని డ్రైవర్లు ట్యాంకు మూతిలోని జల్లెడ తీసేశారు. తప్పేమైనా ఉందా?
— ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: జల్లెడ తీయడం తప్పే, గుడ్డ వేయడం అంతకన్నా పెద్ద తప్పు. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. వర్క్‌షాపులో పని నేర్చుకుంటున్న కాలంలో, మూత పోయిన ఒక లారీ ట్యాంకు మూతిలో నూలుగుడ్డను ఉండలా చుట్టి కుక్కి, అదే గొప్ప జాగ్రత్త అనుకుని పంపించాను. సాలూరు దాటి ఒడిశా వైపు ఘాటు ఎక్కుతుండగా ఆ బండి లోడుతో ఆగిపోయింది. మేము వెళ్లి విప్పి చూస్తే, డీజిల్ పీల్చే గొట్టం చివర గుడ్డ నుంచి ఊడిన పోగులు తడిసిన జుట్టులా చుట్టుకుని ఉన్నాయి. ఆ డ్రైవరు రాత్రంతా ఘాటులో గడపవలసి వచ్చినందుకు నాకు ఈనాటికీ బాధగానే ఉంటుంది.

గుడ్డతో వడకడితే కంటికి కనిపించే నలుసు ఆగుతుంది, నష్టం చేసేది ఆగదు. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే, ఇంజెక్టరు లోపల కదిలే భాగాల మధ్య సందు 2 నుంచి 4 మైక్రాన్లే. మాంగనీసు ధూళిలో ఆ సందును గీకే రేణువులు మీకు ఎన్నడూ కనిపించవు. ధూళిని వడకట్టే ఆలోచనకన్నా, లోపలికి రానివ్వని ఆలోచన మేలు. మూత తిప్పక ముందే చుట్టూ తుడవాలి, తీసిన మూతను నేల మీద కాకుండా శుభ్రమైన చోట వెల్లకిలా పెట్టాలి, పక్క టిప్పరు లోడు దించుతున్నప్పుడు డీజిల్ పోయడం ఆపాలి. గరాటునూ క్యానునూ మూతపెట్టిన డబ్బాలో దాచాలి. జింకు పూత ఉన్న డబ్బాలను డీజిల్‌కు అసలు వాడవద్దు. జల్లెడను తిరిగి పెట్టించండి. నురగ వస్తే కాస్త నెమ్మదిగా పోయడమే దారి.

డ్రమ్మును వానలో నిలువుగా ఉంచకండి. పై మూకుడులో నీరు నిలుస్తుంది, పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడు డ్రమ్ము కూడా లారీ ట్యాంకులాగే బిరడా సందులోంచి ఆ నీటిని పీల్చుకుంటుంది. దాన్ని పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో 3, 9 అంకెలుండే చోట్లకు వచ్చేలా ఉంచితే, అవి లోపలి నుంచి డీజిల్‌లో మునిగి ఉండి గాలినీ నీటినీ రానివ్వవు. తోడే ముందు మాత్రం నిలబెట్టి ఒక రోజు తేరుకోనివ్వండి. చేతిపంపు గొట్టం అడుగుకు ఆనకుండా నాలుగు అంగుళాలు పైన ఉండాలి, అడుగున మిగిలినదాన్ని బండిలో పోయకండి.

ప్రశ్న: మా బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) లారీలో క్లీనరు పొరపాటున, పొగలోని కాలుష్యాన్ని తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవమైన డీఈఎఫ్‌ను డీజిల్ ట్యాంకులో పోశాడు. కొంచెమే కదా అని డ్రైవరు బండి తీయబోతే ఆపాను. సరైనదేనా?
— ఒక ట్రాన్స్‌పోర్టు గుమాస్తా, విజయనగరం

జవాబు: మీరు ఆపడం వల్ల యజమానికి చాలా పెద్ద ఖర్చు తప్పింది. డీఈఎఫ్‌లో 32.5 శాతం యూరియా, మిగిలినదంతా శుద్ధి చేసిన నీరు. డీజిల్‌తో కలవకుండా అడుగుకు దిగి, పంపులో, ఇంజెక్టర్లలో స్ఫటికాలుగా గడ్డకడుతుంది. ఇంజను వేయకపోయినా, తాళం తిప్పితేనే కొన్ని బళ్లలో కరెంటు పంపు పనిచేసి దాన్ని గొట్టాల్లోకి తోస్తుంది, కనుక తాళం కూడా పెట్టనివ్వకండి. ఉన్న చోటనే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి, దించి, కడిగించి, ఆరబెట్టించాలి. తాళం తిప్పకముందే ఇది జరిగితే సాధారణంగా నష్టం ట్యాంకు దగ్గరే ఆగుతుంది.

డీఈఎఫ్ మూత నీలం రంగులో ఉంటుంది, దాని మూతి కూడా డీజిల్ మూతికన్నా సన్నగా ఉంటుంది. బకెట్టు నుంచి గరాటుతో పోసేటప్పుడు ఆ తేడా ఏదీ అడ్డుపడదు. డీజిల్ మూతకు తాళం వేసి, డీఈఎఫ్ పోసే సమయంలో ఆ తాళంచెవి డ్రైవరు జేబులో ఉండేలా చూడండి, రెండింటికీ వేరు వేరు గరాటులు కొనివ్వండి.