డాలస్ నుంచి టొరంటో: చలి సంగతి సరే, రోడ్డు సంగతేంటి?

వీసా గొడవలతో విసిగి డాలస్‌లో సామాన్లు సర్దుకుని టొరంటో వైపు వచ్చేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఆ చలి తట్టుకోగలమంటావా?" తట్టుకుంటారు. మంచి జాకెట్టు, మంచి బూట్లు కొంటే చలి సగం తీరిపోతుంది, మిగతా సగం అలవాటైపోతుంది. రెంటచింతల ఎండలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఇక్కడ హాయిగానే ఉన్నారు. రోడ్డు గురించి మాత్రం ఎవరూ అడగరు. డాలస్‌లో ఇన్నేళ్ళు కారు నడిపాం, స్టీరింగు అదే వైపు, రోడ్డుకి అదే పక్క, ఇంక కొత్తగా నేర్చుకునేదేముంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

టెక్సస్‌లో ఏడేళ్ళుండి 2018లో టొరంటో పక్కనున్న మిస్సిసాగా వచ్చాను. మొదటి డిసెంబరు. ముందురోజు కాస్త ఎండ కాసి మంచు కరిగింది, రాత్రికి మళ్ళీ గడ్డకట్టింది. పొద్దున్నే బాబుని డేకేర్‌లో దింపి ఇంటికి వస్తున్నాను. ఆకాశం నీలంగా ఉంది, రోడ్డు నల్లగా కడిగినట్టుంది. మా వీధి చివర స్టాప్ బోర్డు దగ్గర బ్రేకు తొక్కాను. కాలికింద పెడల్ గరగరా కొట్టుకుంది గానీ కారు ఆగలేదు. స్పీడు గంటకు పాతిక కిలోమీటర్లు కూడా లేదు. నెయ్యి రాసిన పళ్ళెంలో ఇడ్లీ జారినట్టు నింపాదిగా జారుకుంటూ పోయి, ఎదురు మూలన పోగేసిన మంచుగుట్టలో ముక్కు దూర్చి ఆగింది. పక్కింటి పెద్దాయన పార పట్టుకుని వచ్చాడు. నాకేమైనా అయిందా అని కూడా అడక్కుండా వంగి ముందు టైర్లు చూశాడు. "ఇవి టెక్సస్‌లో కొన్నవేగా?" అన్నాడు.

ఆ రోజు నేర్చుకున్నది ఏమిటంటే, ఇక్కడ మైనస్ 20 సెల్సియస్ కన్నా సున్నాకి అటూ ఇటూ ఊగే రోజుకే ఎక్కువ భయపడాలి. మైనస్ 20లో మంచు పొడిపొడిగా ఉంటుంది, అడుగేస్తే కిర్రుమంటుంది, టైరుకి కాస్తో కూస్తో పట్టు దొరుకుతుంది. సున్నా దగ్గర అది పగలు నీరవుతుంది, రాత్రి అద్దమవుతుంది. కింద తారు కనబడుతూనే ఉంటుంది, పైన పల్చటి ఐసు పొర మాత్రం కనబడదు. బ్లాక్ ఐస్ అనేది దాన్నే. ఫ్లైఓవర్లు, వంతెనలు ముందు గడ్డకడతాయి, ఎందుకంటే వాటికి కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది. ఇంకొకటి ఫ్రీజింగ్ రెయిన్: మామూలు వానలాగే పడుతుంది, నేలను తాకగానే గడ్డకడుతుంది. ఆ హెచ్చరిక వస్తే ఆఫీసుకి మెసేజ్ పెట్టి ఇంట్లోనే కూర్చోండి. ఇక్కడి మేనేజర్లు దాన్ని సాకు అనుకోరు.

ఇప్పుడు టైర్ల సంగతి. డాలస్ కార్లకుండే ఆల్ సీజన్ టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీల కిందికి వచ్చేసరికి గట్టిపడి రోడ్డుని పట్టుకోవడం తగ్గిపోతుంది. మంచు పడకపోయినా అంతే. వింటర్ టైరు రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, లోపల మంచుపువ్వు గుర్తు ఉందో లేదో చూసి కొనండి. క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఇవి చట్టప్రకారం తప్పనిసరి. టొరంటో ఉన్న ఒంటారియోలో తప్పనిసరి కాదు. కాకపోతే వేయించుకున్నవాళ్ళకి ఇన్సూరెన్స్ కంపెనీలు తగ్గింపు ఇవ్వాలని 2016 నుంచి నిబంధన ఉంది, అడిగి మరీ తీసుకోండి. నాలుగు టైర్లూ వేరే రిమ్ములతో కలిపి కొంటే ఏటా మార్చే కూలి తగ్గుతుంది. చట్టం అడగట్లేదు కదా అని మానేసే మనవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తెలంగాణ ఎండలో ఏసీ కొనమని ఏ చట్టం చెప్పింది?

తారీఖులు గుర్తుండవంటారా? మా ఇంట్లో లెక్క ఇది: దీపావళి వెళ్ళగానే ఎక్కించాలి, శ్రీరామనవమి పానకం తాగాక దించాలి. మొదటి మంచు పడిన రోజు వెళ్తే ఊరంతా అక్కడే ఉంటుంది, రెండు వారాల దాకా అపాయింట్‌మెంట్ దొరకదు.

ఇంత చెప్తుంటే టెక్సస్ సుఖం, కెనడా కష్టం అనిపించవచ్చు. కానే కాదు. 2021 ఫిబ్రవరి గుర్తు తెచ్చుకోండి. డాలస్‌లో మైనస్ 19 దాకా పడిపోయింది. మా తమ్ముడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్నాడు. కరెంటు పోయింది, హీటర్ పోయింది, అటకలో పైపు పగిలి హాల్లోకి నీళ్ళు. వాడూ మరదలూ పిల్లా ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని, ఫోన్ ఛార్జింగ్ కోసం కారుని గరాజ్ బయటికి తీసి అందులో కూర్చుంటున్నారు. గరాజ్ లోపల మాత్రం, తలుపు తెరిచి ఉన్నా సరే, ఇంజను పెట్టొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుందని నేను గంటకోసారి ఫోన్ చేసి చెప్పేవాణ్ణి. ఆ వారం మాకూ మంచు పడింది. మేము బయట మంచు ఎత్తి, లోపలికొచ్చి పకోడీలు వేసుకున్నాం. చలి రెండు చోట్లా ఉంది. ఇక్కడ ఇల్లు, పైపు, కరెంటు తీగ అన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవి, అక్కడివి ఎండని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. ఆ వారం టెక్సస్‌లో 40 లక్షలకు పైగా ఇళ్ళకు కరెంటు పోయింది. రాష్ట్రం అధికారికంగా లెక్కకట్టిన మరణాలే 246. దానికి కొద్దిరోజుల ముందే, ఫిబ్రవరి 11 తెల్లవారుజామున, ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35డబ్ల్యూ హైవే మీద పల్చటి ఐసు పొరకి 133 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు పోయారు. అక్కడ మంచు అరుదు కాబట్టి ప్లౌలూ (మంచు తోసే ట్రక్కులు) తక్కువే, మంచులో బండి నడిపిన అలవాటూ తక్కువే.

ఇక్కడ మంచు కురవకముందే ఉప్పునీళ్ళ ట్రక్కులు తిరుగుతాయి. రోడ్డు మీద తెల్లటి గీతలు వరసగా కనబడితే ముగ్గు అనుకునేరు, అది ఉప్పునీరు. పడ్డాక ప్లౌలు వస్తాయి, వెనకే ఉప్పు చల్లుతారు. హైవే మీద మూడు నాలుగు ప్లౌలు మెట్లలా ఏటవాలుగా వెళ్తుంటే వాటిని దాటే ప్రయత్నం చేయకండి. వాటి వెనక రోడ్డే ఆ రోజుకి ఒంటారియోలోకెల్లా మంచి రోడ్డు. మామూలు ఉప్పు మైనస్ 10 కిందికి పోతే పెద్దగా పనిచేయదు, అప్పుడు ఇసుకో వేరే రసాయనాలో కలుపుతారు. అయినా టొరంటో వాళ్ళం మంచుకి సుకుమారులమని మిగతా కెనడా నవ్వుతుంది. 1999 జనవరిలో మంచు ఎత్తలేక మేయర్ ఏకంగా సైన్యాన్ని పిలిచాడు, ఆ జోకు ఇప్పటికీ అరగలేదు. నవ్వే హక్కు విన్నిపెగ్ వాళ్ళకుంది. అక్కడ కార్ల ముందు గ్రిల్‌లోంచి కరెంటు ప్లగ్గు వేలాడుతుంటుంది, బాగా చలిగా ఉన్న రాత్రి ఇంజనుకి వేడి పెట్టకపోతే పొద్దున స్టార్ట్ అవడం కష్టం.

ఆ ఉప్పే కారుకి శత్రువు. కింద ఇనుమును తినేస్తుంది. అందుకే డాలస్ కారు తెచ్చుకోవాలా అంటే నా మాట ఇది: కొత్తదైతే, దిగుమతి నిబంధనలకి సరిపోతే తెచ్చుకోండి. సరిహద్దు దాటిన తర్వాత తనిఖీ ఉంటుంది, పగటిపూట వెలిగే లైట్లు తప్పనిసరి. వచ్చిన ఏడాదే కింద తుప్పు పట్టకుండా నూనె స్ప్రే చేయించండి. చలికాలంలో వాతావరణం కాస్త తెరిపిచ్చిన రోజు అడుగుభాగం కడిగించండి. పాత కారైతే అక్కడే అమ్మేయండి. టెక్సస్ కారు అంటే తుప్పు లేని కారని ఇక్కడ మంచి పేరు, ఆ పేరు రెండు చలికాలాలు దాటి నిలవదు.

డాలస్ వాతావరణం కారుని ఏం చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. వడగళ్ళకి బానెట్ అంతా చొట్టలు, ఎండకి సీటు బెల్టు బకిల్ పట్టుకుంటే వేళ్ళు కాలడం. 2011 వేసవిలో అక్కడ 71 రోజులు ఎండ వంద ఫారన్‌హీట్ తాకింది, లేదా దాటింది. హఠాత్తుగా వరదొచ్చి అండర్‌పాస్‌లు మునగడమూ అక్కడ ఉంది. ఇక్కడ వడగళ్ళ బెంగ తగ్గుతుంది, దానికి బదులు ఏప్రిల్లో గుంతలొస్తాయి. చలికాలమంతా పగుళ్ళలోకి నీరు దిగి గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి తారుని లేపేస్తుంది. మన ఊళ్ళో వానాకాలం రోడ్ల మీద నేర్చుకున్న విద్య ఇక్కడ ఏప్రిల్లో పనికొస్తుంది.

చిన్న చిన్న విషయాలు కొన్ని. అద్దం కడిగే నీళ్ళు మైనస్ 40 దాకా గడ్డకట్టని నీలం రంగువి పోయండి. డాలస్‌లో పోసినవి ముందే ఖాళీ చేయండి, లేకపోతే గొట్టంలోనే గడ్డకడతాయి. అద్దం మీద ఐసు ఉంటే వేడినీళ్ళు పోయకండి. నేను పోశాను. గిన్నెడు నీళ్ళు, ఒక్క "టప్", ఈ చివర నుంచి ఆ చివరకి గీత. స్క్రేపర్ కొనుక్కోండి, పది నిమిషాలు ముందు లేవండి. కిటికీ ఒక్కటి గీకి బయల్దేరకుండా కారు పైకప్పు మీద మంచు కూడా దులపండి. హైవే మీద బ్రేకు వేస్తే అదంతా మీ అద్దం మీదకే జారుతుంది, లేదా వెనకవాడి మీదకి ఎగురుతుంది. పెట్రోలు సగం ట్యాంకు కిందికి పోనివ్వకండి. డిక్కీలో చిన్న పార, దుప్పటి, టార్చి, తినడానికి ఏదైనా ఉంచండి. మా ఆవిడ చెగోడీల డబ్బా ఒకటి పెడుతుంది, అది మంచు పడకపోయినా అయిపోతుంది.

దుప్పటి అతి జాగ్రత్త అనుకోకండి. టొరంటో నుంచి ఉత్తరంగా హైవే 400 మీద బ్యారీ వైపు వెళ్తుంటే మిస్సిసాగాలో ఎండ ఉంటుంది, గంట పోయాక ముందు కారు కనబడదు. పెద్ద సరస్సుల మీదుగా వచ్చే చలిగాలి నీటి ఆవిరిని మోసుకొచ్చి ఒడ్డున పట్టీలు పట్టీలుగా కుమ్మరిస్తుంది, ఒక ఊళ్ళో మోకాలి లోతు, పక్క ఊళ్ళో చినుకు లేదు. సరస్సు ఒడ్డునే ఉన్న అమెరికా ఊరు బఫెలోకి మంచు ఊరని పేరు ఊరికే రాలేదు. 2010 డిసెంబరులో సార్నియా దగ్గర హైవే 402 మీద మూడువందల మంది దాకా రాత్రంతా కార్లలో చిక్కుకుంటే సైన్యం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఊరు దాటేముందు ఒంటారియో 511లో, అంటే ప్రభుత్వం రోడ్ల సమాచారం పెట్టే సైటులో, రోడ్డు పరిస్థితి చూడండి. వాతావరణం యాప్‌లో వచ్చే విండ్ చిల్ కారుది కాదు, మీ చర్మానిది. అది మైనస్ 28 దాటితే తెరిచి ఉన్న చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదముంది. స్కూల్ బస్సు కోసం నిలబడే పిల్లల చెవులు, వేళ్ళు ముందు చూసుకోండి.

స్పీడు విషయంలో టెక్సస్ అలవాటు మానుకోవాలి. అక్కడ ఆస్టిన్ పక్కన టోల్ రోడ్డు మీద 85 మైళ్ళ బోర్డు ఉంది, అంటే దాదాపు 137 కిలోమీటర్లు. ఇక్కడ 400 వరస హైవేల మీద 100, కొన్ని చోట్ల 110. బోర్డు మీద 100 చూసి మైళ్ళనుకుని తొక్కిన మహానుభావుడు ఒకడు నాకు తెలుసు. 80 గానీ ఆపైన గానీ ఉన్న రోడ్డు మీద 50 ఎక్కువ పోతే దాన్ని స్టంట్ డ్రైవింగ్ అంటారు, అక్కడికక్కడే లైసెన్సు 30 రోజులు, కారు 14 రోజులు పోతుంది. లైసెన్సు మార్చుకోవడానికి 60 రోజుల గడువు. అమెరికా లైసెన్సు మీద రెండేళ్ళ అనుభవం కాగితంతో చూపిస్తే రోడ్డు పరీక్ష లేకుండా నేరుగా పూర్తిస్థాయి జి లైసెన్సు ఇస్తారు. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు, రాతపరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ ఉంటాయి. మీ పాత ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర క్లెయిముల చరిత్ర ఉత్తరం అక్కడుండగానే తీసుకోండి. ఇక్కడ ప్రీమియం చూశాక, ముఖ్యంగా ప్రీమియం బాగా ఎక్కువుండే టొరంటో శివారు బ్రాంప్టన్ అడ్రస్‌తో చూశాక, ఆ కాగితం విలువ తెలుస్తుంది.

మొదటి మంచు పడ్డాక ఒక ఆదివారం పొద్దున ఖాళీ పార్కింగ్ లాట్‌కి వెళ్ళి కావాలనే గట్టిగా బ్రేకు తొక్కి చూడండి. పెడల్ గరగరమనడం ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) పనిచేస్తోందనడానికి గుర్తు, కాలు తీయకూడదు. కారు ఎంత దూరం జారుతుందో ఒంటికి తెలియాలి.

మా తమ్ముడు ఈ నవంబరులో ఫ్రిస్కో వదిలి వస్తున్నాడు. "చలి ఎలా ఉంటుంది అన్నయ్యా?" అని వాడూ అడిగాడు. వాడి కారు టైరు సైజు ఎంతో ఫోటో తీసి పంపమన్నాను. దీపావళి తర్వాతి శనివారానికి అపాయింట్‌మెంట్ పెట్టించాను.