అంతర్యుద్ధమా, పౌరయుద్ధమా?

సందేహం: మేము టెక్సాస్‌లో ఉంటున్నాం. ఇక్కడి తెలుగు బడిలో ఆదివారాలు పిల్లలకు పాఠాలు చెబుతుంటాను. బానిసత్వం ముగిసిన గుర్తుగా ఇక్కడ ఇచ్చే జూన్ 19 సెలవు గురించి రెండు పేజీల పాఠం రాద్దామని కూర్చుంటే అడుగడుగునా అనుమానాలే. అమెరికా 'సివిల్ వార్'ని పౌరయుద్ధం అనాలా, అంతర్యుద్ధం అనాలా? 'బానిసత్వం' తప్పు మాట, 'బానిసతనం' అనాలని తోటి టీచరు ఒకరు పట్టుబడుతున్నారు. విమోచన, విముక్తి రెండూ ఒకటేనా? యుద్ధం తర్వాతి 'రీకన్‌స్ట్రక్షన్'ని పునరుద్ధరణ అని రాశాను, సరేనా? పాఠం జతచేశాను. – ఒక పాఠకురాలు

సమాధానం: ముందుగా పౌరయుద్ధాన్ని కొట్టేయండి. 'సివిల్' కనబడగానే 'పౌర' అని రాసేయడం మనకు అలవాటైపోయింది. పౌరసరఫరాలు, పౌరవిమానయానం లాంటి మాటల్లో 'పౌర' అంటే సైన్యంతో సంబంధం లేనిది అని. ఆ లెక్కన పౌరయుద్ధం అంటే సైన్యం లేని యుద్ధం కావాలి. 1861 నుంచి 1865 దాకా సాగిన ఆ యుద్ధంలో రెండు వైపులా కలిపి చనిపోయిన సైనికులే 6 లక్షలకు పైన. 'అంతర్గత యుద్ధం' తప్పు కాదు గానీ, అంతర్గత కుమ్ములాటలు, అంతర్గత బదిలీలు అని రోజూ పేపర్లో చదివి చదివి ఆ మాటలో పస పోయింది.

అంతర్యుద్ధం అనే రాయండి. కలిపే రాయాలి. 'అంతర్ యుద్ధం' అని విడదీయక్కర్లేదు, 'అంతఃయుద్ధం' అసలే వద్దు. 'అంతర్' చివరి రేఫ (ర్) క, ప లాంటి అక్షరాల ముందు విసర్గ అవుతుంది కాబట్టి అంతఃకరణం, అంతఃపురం. యకారం ముందు అది రేఫగానే నిలుస్తుంది. అనుమానం వస్తే అంతర్యామిని తలచుకోండి, సరిపోతుంది.

అయితే ఈ 'అంతర్' దగ్గర ఇంకాస్త ఆగాలి. అంతర్యామి, అంతర్లీనం, అంతర్ముఖం – వీటిలో దాని అర్థం 'లోపల'. అంతర్జాతీయం, అంతర్రాష్ట్ర జలవివాదం – వీటిలో 'మధ్య'. సంస్కృతంలో ఆ రెండు అర్థాలూ మొదటి నుంచీ ఉన్నాయి. ఇంగ్లీషు వాళ్లు లాటిన్ నుంచి తెచ్చుకున్న 'ఇంటర్' దీనికి తోబుట్టువే. తమాషా ఏమిటంటే, అమెరికా యుద్ధం పేరు మీద నడిచిన తగువంతా సరిగ్గా ఈ రెండు అర్థాల మధ్యనే. అది ఒక దేశం లోపల జరిగిన యుద్ధమా, విడివిడి రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధమా?

1860 డిసెంబరు 20న సౌత్ కరోలినా యూనియన్ (అమెరికా రాష్ట్రాల సమాఖ్య) నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించింది. తర్వాత మరో పది దక్షిణాది రాష్ట్రాలు అదే దారి పట్టాయి. వాటి లెక్కలో అవి వేరే దేశం. అలా తప్పుకునే హక్కే ఎవరికీ లేదని అధ్యక్షుడు లింకన్ వాదన. ఆయన దృష్టిలో అది తిరుగుబాటు. అందుకే అమెరికా ప్రభుత్వం తర్వాత అచ్చువేసిన యుద్ధపత్రాల సంపుటాలకు 'తిరుగుబాటు యుద్ధం' అనే పేరు పెట్టింది. ఓడిన దక్షిణాది వాళ్లు మాత్రం 'రాష్ట్రాల మధ్య యుద్ధం' అనే పేరును పట్టుకుని దశాబ్దాల పాటు ప్రచారం చేశారు. మన దగ్గర సెప్టెంబరు 17ను ఒకరు విమోచనం అంటే ఇంకొకరు విలీనం అంటారు కదా, అలాంటిదే. పేరు ఎంచుకోవడంలోనే సగం వాదన అయిపోతుంది.

మీ పాఠం రెండో పేరాలో 'రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధం' అని రాశారు. ఏ ఉద్దేశమూ లేకుండానే రాసి ఉంటారు. తెలుగులో అది కృష్ణా నీళ్ల పంచాయితీలా అమాయకంగా వినిపిస్తుంది, అమెరికాలో పుట్టి పెరిగినవాళ్ల చెవికి ఒక పక్షం మాటలా వినిపిస్తుంది. ఆ వాక్యం మార్చండి. 'రాష్ట్రాల హక్కుల కోసం' అన్న ముక్క కూడా తీసేయండి. ఏ హక్కు కోసం అన్నది ఆ రాష్ట్రాలే దాచుకోలేదు. తమ స్థితి పూర్తిగా బానిసత్వ వ్యవస్థతో ముడిపడి ఉందని మిసిసిపి తన ప్రకటనలోనే రాసుకుంది. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలని 1850లో కేంద్రం చట్టం చేసి ఉత్తరాది రాష్ట్రాల మెడ మీద పెట్టినప్పుడు, దక్షిణాది వాళ్లకు రాష్ట్రాల హక్కులు గుర్తుకు రాలేదు.

ఇక బానిసత్వం. మీ తోటి టీచరు చెప్పినదానిలో వ్యాకరణం ఉంది. 'త్వం' సంస్కృత ప్రత్యయం, మానవత్వం, కవిత్వం లాంటి సంస్కృత పదాలకు తగులుతుంది. బానిస తెలుగు మాట. తెలుగు మాటకు 'తనం' చేర్చాలి: మంచితనం, పెద్దతనం. రూలు ప్రకారం బానిసతనమే. కానీ రూలు కంటే వాడుక ముందు పుట్టింది. బానిసత్వం ఎప్పుడో స్థిరపడిపోయింది, దాన్ని కదిలించి సాధించేదేమీ లేదు.

నాకు ఇంకో కారణం కూడా ఉంది. పిరికితనం, సోమరితనం, చిలిపితనం – 'తనం' చాలాసార్లు మనిషి గుణాన్ని చెబుతుంది. (దొంగతనం లాంటివి వేరు, అది చేసే పని.) బానిసతనం అనగానే ఆ మనిషి స్వభావంలోనే ఏదో లోటు ఉన్నట్టు ధ్వనిస్తుంది. 1860 జనాభా లెక్కల్లో అమెరికాలో బానిసలు దాదాపు 40 లక్షల మంది. వాళ్లను అలా ఉంచింది చట్టం, కొరడా, పత్తి మీద లాభం. గుణం కాదు. ఈ వ్యవస్థకు బానిసత్వమే నప్పుతుంది. 'దాస్యం' అనరాదా అని ఎవరైనా అడగవచ్చు. తెలుగువాడికి దాస్యం అంటే సగం భక్తి. నవవిధ భక్తుల్లో అదొకటి, రామదాసు ఆ పేరు పెట్టుకుని గర్వంగా పాడుకున్నాడు. ఈ పాఠంలోకి దాన్ని తేవద్దు.

బానిస అనే మాట గురించి ఒక సంగతి. పాత నిఘంటువులు దానికి ముందుగా చెప్పే అర్థం దాసి, అంటే ఆడమనిషి. మగవాళ్లకూ పిల్లలకూ కలిపి వాడటం తర్వాత వచ్చింది. వర్జీనియాలో 1662లో చేసిన చట్టం చదివినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది: బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టి ఉంటుంది. తండ్రి తోట యజమానే అయినా, తల్లి బానిస అయితే బిడ్డ బానిసే. 'బానిసకొడుకు' అనేది మనకు తిట్టు. అక్కడ అది చట్టం.

'బానిసలుగా చేయబడిన ప్రజలు' అని రాశారు. ఇప్పటి ఇంగ్లీషు పద్ధతిని అనుసరించారని అర్థమైంది, ఉద్దేశం మంచిదే. కానీ 'చేయబడిన' తెలుగు నోట పలకదు. 'బానిసలుగా మార్చిన మనుషులు' అంటే పని జరిగిపోతుంది.

విమోచన, విముక్తి ఒకటి కావు. విడిపించే పని విమోచనం, విడుదలైన స్థితి విముక్తి. రాముడి పాదధూళి వల్ల జరిగింది శాపవిమోచనం, అహల్య పొందింది శాపవిముక్తి. రోజువారీ మాటల్లో ఈ తేడా చెరిగిపోయింది గానీ మీ పాఠానికి అది చాలా పనికొస్తుంది. లింకన్ 1863 జనవరి 1న చేసింది విమోచన ప్రకటన. అది తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది. యూనియన్‌లోనే ఉండిపోయిన కెంటకీ, మేరీలాండ్, డెలావేర్, మిస్సోరీ బానిసలకు వర్తించలేదు. వర్తించిన చోట కూడా సైన్యం వెళ్లేదాకా అది కాగితమే. మీ టెక్సాస్‌కు ఆ కబురు అధికారికంగా చేరింది 1865 జూన్ 19న, గాల్వెస్టన్‌లో యూనియన్ సైన్యపు జనరల్ గ్రాంజర్ ఉత్తర్వు ద్వారా. రెండున్నరేళ్లు! దేశమంతటా బానిసత్వం రద్దయింది ఆ డిసెంబరులో, రాజ్యాంగ 13వ సవరణతో. కాబట్టి 1863కి విమోచన, 1865కి విముక్తి అని రాయండి. పిల్లలకు తేదీలు కూడా సులువుగా గుర్తుంటాయి.

పునరుద్ధరణ మాత్రం మార్చక తప్పదు, పునర్నిర్మాణం అనండి. 1865 నుంచి 1877 వరకు ఆ కాలానికి అదే పేరు. నల్లవాళ్లకు పౌరసత్వం (ఇక్కడ 'పౌర' సరైనదే), మగవాళ్లకు ఓటు వచ్చాయి, కొందరు చట్టసభలకూ ఎన్నికయ్యారు. దీన్ని కూలదోసి పాత దొరల పాలన తిరిగి తెచ్చినవాళ్లు తమను తాము 'రిడీమర్స్' అని పిలుచుకున్నారు, అంటే ఉద్ధారకులు. మీరు పునరుద్ధరణ అంటే వాళ్ల పేరు తీసుకెళ్లి వాళ్ల శత్రువులకు పెట్టినట్టవుతుంది. ఆ ఉద్ధారకుల గురించి పాఠంలో రాయాల్సి వస్తే, 'ఏం ఉద్ధరించావు?' అని మనింట్లో అడిగే గొంతుతో చదవమని పిల్లలకు చెప్పండి.

చివరి పేజీలో 'కౌలు రైతులు' అన్నచోట చిన్న సవరణ. కౌలులో మామూలుగా ఇంత డబ్బు, ఇన్ని బస్తాలు అని ముందే ఖాయం. యుద్ధం తర్వాత దక్షిణాది పత్తి చేలల్లో ఎక్కువగా నడిచింది పండినదాంట్లో వాటా పద్ధతి. మనవాళ్లు కోరు, పాలు అంటారు, సగం వాటా అయితే సంగోరు. విత్తనాలు, తిండిగింజలు కూడా అప్పు మీదే, ఆ అప్పు తీరేది కాదు. 13వ సవరణ శిక్షపడినవాళ్లను మినహాయించింది కాబట్టి, చిన్నచిన్న నేరాలకు జైల్లో పెట్టి, గనులకూ తోటలకూ ఖైదీలను అద్దెకిచ్చారు. దానికి 'ఖైదీల లీజు విధానం' అని కాగితపు మాట రాశారు. 'ఖైదీల చేత వెట్టి చేయించారు' అంటే నల్గొండ తాతయ్యకు కూడా అర్థమవుతుంది.

అన్నట్టు, దక్షిణాది సేనాని గురించి రాసినచోట 'జనరల్ లీ అపొమాటొక్స్ కోర్టులో లొంగిపోయాడు' అని ఉంది. అక్కడ కోర్టు విచారణ ఏమీ జరగలేదు. 'అపొమాటొక్స్ కోర్ట్ హౌస్' అనేది ఊరి పేరు. మన కొత్తకోటలాగే, ఊరి పేరులో కోట ఉన్నంత మాత్రాన జరిగిందంతా కోటలో జరిగినట్టు కాదు. 1865 ఏప్రిల్ 9న లీ సంతకం పెట్టింది ఆ ఊళ్లో మెక్‌లీన్ అనే ఆయన ఇంటి ముందుగదిలో.