లోడు ఎత్తకముందే నిద్ర లెక్క తేల్చుకో

అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

హెవీ లైసెన్స్ చేతికొచ్చిందని, వచ్చే వారం గుంటూరు నుంచి మిర్చి లోడుతో కలకత్తా వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. బండి నడపడం నీకు వచ్చు. ఎప్పుడు ఆపాలో నేను చెబుతాను.

డ్రైవర్‌కు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టంలోనే రాశారు. లాంగ్ రూట్లకు అనుమతి తీసుకుని రోజుకు 10, వారానికి 54 దాకా పోవచ్చన్నారు. ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి. ఈరోజు డ్యూటీ దిగాక, రేపు ఎక్కేలోపు వరసగా 9 గంటల విశ్రాంతి అని కూడా అందులోనే రాశారు. మన లారీల్లో ఈ లెక్క అడిగేవాళ్లు తక్కువ, అందుకే నువ్వే గుర్తుపెట్టుకో.

ఓనర్ "ఎల్లుండికల్లా చేరాలి" అంటే వెంటనే సరే అనకు. కాగితం మీద లెక్క వేసి చూపించు. కలకత్తా 1,200 కిలోమీటర్ల పైమాటే. టోల్‌గేట్లు, టీలు, ట్రాఫిక్ అన్నీ కలిపితే లోడు బండికి గంటకు 40 పడితే గొప్ప. పది గంటలకు 400. అంటే మూడు రోజుల పైన. అంతకన్నా ముందు కావాలంటే రెండో డ్రైవర్‌ను ఇవ్వమను, నీ బత్తా కాస్త తగ్గినా ఫర్వాలేదు. ఈ మాట లోడు ఎత్తకముందే అయిపోవాలి. పట్టా కప్పి తాళ్లు బిగించాక నీ మాట ఎవరూ వినరు.

నా ప్రాణం మీదికి వచ్చిన సంగతి ఒకటి చెబుతాను. ఓసారి ఇలాగే పొద్దున్నుంచి యార్డులో లోడింగ్ కోసం కూర్చున్నాను. బండి నడపలేదు కదా, రెస్టే అనుకుని రాత్రి ఎనిమిదికి బయల్దేరాను. తుని దగ్గరికి వచ్చేసరికి తెల్లవారుజాము మూడున్నర. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ రోడ్డు మీద తెల్లగీత రెండుగా కనిపిస్తోంది. వెనకటి టోల్‌గేట్ ఎప్పుడు దాటానో గుర్తు లేదు. "అన్నా!" అని క్లీనర్ భుజం పట్టి ఊపేసరికి ఎదురుగా లైట్లు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రక్కు. బ్రేకు తొక్కితే వెనక బస్తాలు క్యాబిన్‌కు కొట్టుకున్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ట్రక్కుకు రెండు గజాల దూరంలో ఆగాం. గంటకు 60లో వెళ్తుంటే మూడు సెకన్ల కునుకులో బండి 50 మీటర్లు పోతుంది.

కాబట్టి యార్డులో కూర్చోవడాన్ని నిద్ర కింద లెక్కేసుకోకు. లోడింగ్ లేటయితే క్యాబిన్‌లో పడుకో, బస్తాల లెక్క క్లీనర్ చూసుకుంటాడు. రాత్రి 2 నుంచి 5 దాకా, కుదిరినంతవరకు బండి కదలనివ్వకు. ఆవలింతలు ఆగకపోతే టీ మీద, మొహం కడుక్కోవడం మీద ఆధారపడకు, అవి కాసేపే. నిద్ర రాకుండా మాత్రలు ఎవరిచ్చినా ముట్టుకోకు నాన్నా. రోడ్డు అంచున కాకుండా లైట్లున్న బంకులోనో, ధాబా ముందో పెట్టి, చక్రాలకు రాళ్లు వేసి ఇరవై నిమిషాలైనా పడుకో. లేవగానే స్టీరింగ్ పట్టకు, బండి చుట్టూ తిరుగుతూ టైర్లు చూసుకో. ఒళ్లు తేలికపడ్డాకే ఎక్కు.

బయల్దేరే ముందు రోజు ఫోన్ చెయ్యి. రాత్రిళ్లు డీజిల్ పోతుందన్న భయం లేకుండా బండి పెట్టుకునే చోట్లు ఒక్కొక్కటీ చెబుతాను, రాసుకుందువు గాని.

మీ మామయ్య